బూడిద విషాన్ని బంధిస్తుంది, మాయం చేయదు

అత్తిబెలె, బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడల్లోనూ, సరిహద్దు దాటితే హోసూరులోనూ మన తెలుగువాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. ఇనుప భాగాలకు నికెల్, క్రోమియం, జింకు పూత వేసే యూనిట్లలో వాడిన నీటిని శుద్ధి చేశాక అడుగున మడ్డి మిగులుతుంది. దాన్నే స్లడ్జ్ అంటారు. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. మామూలుగా 90 రోజులకు మించి ఫ్యాక్టరీలో ఉంచకూడదు. అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలి. బెంగళూరుకు దగ్గరలో అలాంటి కేంద్రం దాబస్‌పేటలో ఉంది.

ఇలాంటి మడ్డిని అదుపు చేయడానికి థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద పనికొస్తుంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం దాకా బూడిదే. రాయచూరు, ముద్దనూరు, విజయవాడ కేంద్రాల నుంచి వచ్చేది అదే. అందులో మెత్తనిది ఫ్లై యాష్. దానిలోని సిలికా, అల్యూమినా సున్నంతో, నీటితో కలిస్తే సిమెంటులా గట్టిపడతాయి.

మడ్డిలో బూడిద, సున్నం లేదా సిమెంటు కలిపితే రెండు పనులు జరుగుతాయి. సున్నపు క్షారగుణం వల్ల లోహాలు నీటిలో సులువుగా కరగని రూపానికి మారతాయి. ఆపైన గట్టిపడిన ముద్దలో చిక్కుకుపోతాయి. అయితే కొలత తప్పకూడదు. సున్నం మరీ ఎక్కువైతే సీసం, జింకు మళ్లీ కరుగుతాయి. హెక్సావాలెంట్ క్రోమియాన్ని ముందుగా ఫెర్రస్ సల్ఫేట్ వంటి దానితో తక్కువ విషమున్న రూపానికి మార్చాలి. నూనెలు, సాల్వెంట్లు ఎక్కువున్న వ్యర్థానికి ఈ పద్ధతి అంతగా నప్పదు. పైగా బూడిదలోనే ఆర్సెనిక్ వంటివి కొద్దిగా ఉంటాయి.

అందుకే గట్టిపడిన ముద్దను నలగ్గొట్టి, ఆమ్లం కలిపిన నీటిలో గంటల తరబడి తిప్పి, ఎంత లోహం బయటికొస్తుందో ల్యాబులో చూస్తారు. పరీక్షలో నెగ్గినదాన్నే, అడుగున నీరు ఇంకని పొరలు వేసిన గుంతలో పూడుస్తారు.

కాబట్టి “బూడిద కలిపేశాం, ఇక భయం లేదు” అంటూ ఎవరైనా ఫ్యాక్టరీ మడ్డితో మీ పల్లపు సైటు నింపుతామంటే ఒప్పుకోకండి. అది నేలలోకి దిగితే పాడయ్యేది మన బోరు నీళ్లే. వ్యర్థం తెచ్చే లారీకి ఫారం 10 మేనిఫెస్టు ఉండాలి, అడగండి. మడ్డి ఎత్తే కార్మికులు గ్లవ్స్, బూట్లు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

అనుమానం వస్తే లారీ నంబరు, తేదీ, చోటు రాసుకుని కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. కన్నడలో రాయడం కష్టమైతే మన సంఘానికి రండి, అర్జీ మేం రాసిపెడతాం.