పగడం కట్టిన ఇల్లు

తాళిలో పగడం గుచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నవరత్నాలలో పగడం ఒకటి. అందుకే పగడం అంటే రాయి అనుకుంటాం. కాని పగడం రాయి కాదు. సముద్రంలో బతికే చిన్న చిన్న జీవులు దాన్ని తయారు చేస్తాయి.

పగడాలలో చాలా రకాలున్నాయి. దండలు గుచ్చే ఎర్ర పగడం ఒక రకం. సముద్రం అడుగున దిబ్బలు కట్టే పగడాలు వేరే రకం. ఇప్పుడు ఆ దిబ్బల సంగతి తెలుసుకుందాం.

దిబ్బ ఎలా పెరుగుతుంది?

పగడపు జీవికి ఎముకలు లేవు. ఒళ్ళంతా మెత్తన. పైన ఒక నోరు. నోటి చుట్టూ చిన్న చిన్న చేతుల్లాంటివి ఉంటాయి. సముద్రపు నీటిలో సున్నం కరిగి ఉంటుంది. ఈ జీవి ఆ సున్నాన్ని తీసుకుని తన కింద గట్టి గూడు కట్టుకుంటుంది. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. పాతవి చచ్చిపోతాయి. ఆ గూళ్ళ మీద కొత్తవి కట్టుకుంటాయి. ఇలా వేల ఏళ్ళకు ఒక పెద్ద దిబ్బ అవుతుంది. బండలా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప.

పగడం ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే ఈ నాచు తిండి తయారు చేసి పగడానికి పెడుతుంది. పగడం దానికి చోటిస్తుంది. అందుకే పగడానికి ఎండ సోకే తేట నీరు కావాలి. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల నీరు మసకగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ పెద్ద దిబ్బలు పెరగవు. తమిళనాడులో ఉన్నాయి.

దిబ్బ వల్ల ఏం లాభం?

చేపలు దిబ్బ సందుల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు అక్కడే దాక్కుని పెరుగుతాయి. సముద్రం అడుగున ఈ దిబ్బలు ఉన్న చోటు నూటికి ఒక వంతు కూడా లేదు. కాని సముద్రంలోని జీవుల రకాల్లో నాలుగో వంతుకు అవే ఆధారం. పెద్ద అలలు దిబ్బకు తగిలి జోరు తగ్గుతాయి. ఒడ్డు కోసుకుపోదు.

రెండు దీవులు మునిగాయి

మన దేశానికీ శ్రీలంకకూ మధ్య మన్నారు సింధుశాఖ ఉంది. అందులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు. వాటి చుట్టూ పగడపు దిబ్బలు. ఒకప్పుడు ఈ పగడాలను పగలగొట్టి పడవల్లో తెచ్చేవారు. సున్నం కోసం కాల్చేవారు. ఇళ్ళు కట్టడానికీ వాడేవారు. దిబ్బ పోయేసరికి అలలకు అడ్డు లేకుండా పోయింది. పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు దీవులు నీట మునిగిపోయాయి.

1986లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేసింది. 2001లో పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి జాబితాలో చేర్చింది. పులి ఉన్న జాబితా అదే.

ఆడవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు

చట్టం మంచిదే. కాని ఆ తీరంలో ఎంతోమంది ఆడవాళ్ళు నీటిలో మునిగి సముద్రపు పాచి ఏరి బతుకుతారు. ఆ పాచి నుంచి అగర్ అనే జిగురు తీస్తారు. పాచి దీవుల దగ్గరే దొరుకుతుంది. అక్కడికి రావద్దంటే వాళ్ళ పొయ్యి ఎలా వెలగాలి?

ఆ ఆడవాళ్ళు సంఘంగా కూడారు. తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. నెలలో 12 రోజులే పాచి తీయాలి. ఇనుప పనిముట్లతో గీకకూడదు. వేళ్ళకు గుడ్డ చుట్టుకుని చేత్తోనే తుంచాలి. అప్పుడు పాచి మళ్ళీ మొలుస్తుంది, పగడమూ విరగదు. వీళ్ళ నాయకురాలు లక్ష్మీ మూర్తికి 2015లో అమెరికాలోని సీకాలజీ సంస్థ బహుమతి ఇచ్చింది.

కొత్త ఆపద

ఇప్పుడు పగడాలకు మరో ఆపద వచ్చింది. సముద్రపు నీరు వేడెక్కుతోంది. వేడి ఎక్కువైతే పగడం తన ఒంట్లోని నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. లేకపోతే తిండి లేక చచ్చిపోతుంది. మన్నారులో 2010లోనూ, 2016లోనూ ఇలా చాలా పగడాలు చచ్చిపోయాయి.

తూత్తుకుడిలోని శాస్త్రవేత్తలు 2002 నుంచి పగడపు ముక్కలను సిమెంటు దిమ్మెలకు కట్టి మళ్ళీ పెంచుతున్నారు. నారు పోసినట్టే. కాని నీరు చల్లగా, శుభ్రంగా ఉంటేనే ఆ నారు బతుకుతుంది. బొగ్గు, పెట్రోలు మండించడం తగ్గాలి. మురుగు, చెత్త, తెగిన వలలు సముద్రంలో పడకూడదు.

మాట్లాడుకోండి:

1. పగడపు దిబ్బ పోతే చేపలు పట్టేవారికి ఏం నష్టం?

2. పాచి ఏరే ఆడవాళ్ళు ఏ కట్టుబాట్లు పెట్టుకున్నారు? ఎందుకు?

3. మీ ఊరి చెరువును, అడవిని కాపాడుకోవడానికి మీరు ఏ కట్టుబాటు పెట్టుకుంటారు?