మీకు తెలుసా? పోపుల పెట్టెలోని గింజలు కోళ్ల దాణాలోనూ!

● కోళ్లు త్వరగా పెరగాలని దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మన దేశంలో 2019 జూలైలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం నిషేధించింది. అందుకే అందరి చూపూ మూలికా గింజలపై పడింది.

● వాములోని థైమాల్, నల్లజీలకర్రలోని థైమోక్వినోన్ సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటాయి. మెంతులు, ధనియాలు, సోంపుపైనా పరిశోధనలు జరిగాయి.

● ప్రయోగాల్లో తరచుగా కిలో దాణాకు 5 నుంచి 10 గ్రాముల గింజల పొడి కలుపుతారు. మోతాదు మించితే చేదుకు కోళ్లు మేత తగ్గిస్తాయి.

● పొడిని ఎప్పటికప్పుడు కొట్టుకోవాలి. నిల్వ ఉంటే వాసనతో పాటు గుణమూ పోతుంది. బూజు పట్టిన గింజలు వద్దు; వాటిలో అఫ్లాటాక్సిన్ విషం ఉండవచ్చు.

● ఆముదం గింజలను మాత్రం దాణాలో కలపకండి. వాటిలోని రిసిన్ ప్రాణాంతకం.

● సలహా కావాలంటే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించిన కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. లక్డీకాపూల్‌కు దగ్గర్లోని శాంతినగర్‌లో పశుసంవర్ధక శాఖ కార్యాలయం ఉంది.

గింజలు టీకాకు బదులు కావు. కొక్కెర తెగులు టీకా తప్పక వేయించండి, పశువైద్యుణ్ని అడిగాకే దాణా మార్చండి.