ఇల్లు మీదే... రంగు మాత్రం కమిటీది!

గోడకు ఏ రంగు వేయాలి? గడ్డి ఎంత ఎత్తు పెరగాలి? గుమ్మానికి తోరణం కట్టొచ్చా? వాకిట్లో గోంగూర వేసుకోవచ్చా? అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది ఇంటి యజమాని కాదు, కాలనీ కమిటీ. ఆ పెత్తనం ఎక్కణ్నుంచి వచ్చింది? ఎంతవరకూ చెల్లుతుంది?

ముప్ఫై ఏళ్ల వాయిదాల మీద అప్పు తీసుకున్నారు. ఇల్లు కొన్నారు. పాలు పొంగించారు. సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. ఇక ఆ ఇంటికి రాజూ మంత్రీ తామే అనుకుంటారు ఎవరైనా. డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో ప్లానోలోనో దిగిన కుటుంబానికి మాత్రం ఆ ధీమా తొలి ఉత్తరం వచ్చేదాకానే. చెత్తడబ్బా రోడ్డు మీదికి కనిపిస్తోందనో, గడ్డి ఏపుగా పెరిగిందనో, కంచెకు వేసిన రంగు జాబితాలో లేదనో అందులో ఉంటుంది. ఫలానా తేదీలోగా సరిచేయాలి, లేదంటే జరిమానా!

ఉత్తరం పంపింది ప్రభుత్వం కాదు. హోం ఓనర్స్ అసోసియేషన్... అందరూ పిలిచే పేరు హెచ్‌ఓఏ. పేరు వింటే మన కాలనీ సంక్షేమ సంఘం గుర్తొస్తుంది. కానీ వినాయకచవితి చందాకీ, వాచ్‌మన్ జీతానికీ పరిమితమయ్యే సంఘం కాదది. ఇల్లు కొనేటప్పుడు పెట్టే సంతకాల కట్టలో దాని నిబంధనల పుస్తకమూ ఉంటుంది. సంతకం చేశామంటే ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఒప్పందం మనిషితో కాదు, నేలతో ముడిపడి ఉంటుంది. ఇల్లు చేతులు మారితే నిబంధనలూ కొత్త యజమానికి సంక్రమిస్తాయి. ‘నేను సంఘంలో చేరను’ అనే వీలే లేదు.

అమెరికాలో 1970 నాటికి ఇలాంటి కాలనీలూ అపార్ట్‌మెంట్ సంఘాలూ పదివేలు. అందులో ఉండేవాళ్లు 21 లక్షలు. ఇప్పుడు వాటి సంఖ్య మూడున్నర లక్షలు దాటింది. ఏడుకోట్లమందికి పైగా ఆ గొడుగు కిందే కాపురముంటున్నారు.

వీధిలోంచి చూస్తే...

ఈ రూల్సన్నింటికీ మూలసూత్రం ఒక్కటే. వీధిలో నిలబడి చూస్తే ఏది కనిపిస్తుందో, దానిమీద కమిటీకి హక్కుంటుంది. గోడల రంగు, పైకప్పు పెంకుల రంగు, ముందువైపు ఎంతమేర ఇటుక ఉండాలి, కంచె ఏ కలప, ఎంత ఎత్తు, వాకిట్లో ఎన్ని చెట్లు, ఏ జాతివి... ఇలా సాగుతుంది జాబితా. బట్టలు ఆరేసే తాడు, బాస్కెట్‌బాల్ స్తంభం, పండగ దీపాలు ఎన్నిరోజులు ఉంచాలన్నదీ దాంట్లోనే.

ఏదైనా మార్చాలంటే ముందు దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటు ప్లాటు కొలతల పటం, రంగు నమూనా, వాడే సామగ్రి వివరాలు ఇవ్వాలి. వాటిని ‘ఆర్కిటెక్చరల్ కమిటీ’ పరిశీలిస్తుంది. చాలాచోట్ల నెల గడువు. ఈలోగా పని మొదలుపెడితే చిక్కే. నచ్చలేదంటే కట్టింది మన ఖర్చుతోనే పీకేయాల్సి వస్తుంది.

ఇదంతా చాదస్తమేనా? కాదు. డాలస్ ప్రాంతంలో చాలాచోట్ల నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పునాదుల మీద దాని ప్రభావం అంతా ఇంతా కాదు. ఒకరు పూలమడి కోసం మట్టిపోసి వాకిలి ఎత్తు పెంచితే వాననీరు పక్కింటి పునాదిలోకి చేరుతుంది. గోడకు ఆనుకుని పెద్దచెట్టు వేస్తే వేళ్లు నేలలోని తేమను లాగేస్తాయి. చెట్టుకీ మట్టికీ అనుమతి ఎందుకంటే ఇందుకే! ఇక పక్కిల్లు పెచ్చులూడుతూ, పాడైన కారు దాని ముందు ఏళ్లతరబడి పడి ఉంటే మన ఇంటికి వచ్చే ధరా పడిపోతుంది. అందుకే ఉత్తరం చూసి విసుక్కునే యజమానే ఇల్లు అమ్మేటప్పుడు ‘ఈ కాలనీ శుభ్రంగా ఉంటుంది’ అని గొప్పగా చెబుతాడు.

గడ్డితో పాటు గోడలూ

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది లెవిట్‌టౌన్. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం న్యూయార్క్ దగ్గర 1947లో లెవిట్ సంస్థ మొదలుపెట్టిన కాలనీ అది. నాలుగేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు కట్టింది. ఇళ్లన్నీ దాదాపు ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. కంచెలు కట్టకూడదు. కాలం వచ్చిందంటే వారానికోసారి గడ్డి కోయాలి. శని, ఆదివారాల్లో బయట బట్టలు ఆరేయకూడదు.

వాటితోపాటే మరో నిబంధన... తెల్లజాతివారు తప్ప మరొకరు ఆ ఇళ్లలో ఉండకూడదు!

లెవిట్‌టౌన్‌లోనే కాదు, అప్పట్లో దేశమంతటా ఎన్నో కాలనీల పత్రాల్లో అలాంటి వాక్యం ఉండేది. భారతీయులు పౌరసత్వ చట్టం దృష్టిలో ‘తెల్లవారు’ కారని భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది. ఆ లెక్కన మనవాళ్లకూ ఆ తలుపులు మూసినట్టే. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. 1968లో వచ్చిన గృహవసతి చట్టం ఆ వివక్షను నేరుగా నిషేధించింది. 1965 నాటి వలస చట్టం భారతీయులకు దారి తెరిచింది. ఒకనాడు మనల్ని గడప బయట నిలబెట్టిన పత్రాల వారసత్వంలోంచి వచ్చిన నిబంధనల్నే ఇవాళ తెలుగువాళ్లు చదివి సంతకం చేస్తున్నారు. సాటి ఇళ్లవాళ్లుగా వాటిమీద ఓటూ వేస్తున్నారు.

కాలనీలో ఏ గడ్డి ఉండాలన్న నిర్ణయం ఒక్కోసారి ఎవరు ఉండాలన్న నిర్ణయంగా ఎలా మారుతుందో చెప్పే చరిత్ర ఇది. అందుకే చట్టం మెల్లమెల్లగా కమిటీల చేతికి హద్దులు గీస్తూ వచ్చింది.

తోరణానికి 25 అంగుళాలు!

గుమ్మం దగ్గర మొదలైన పేచీల్లో ప్రసిద్ధమైనది షికాగోది. యూదుల ఇళ్లలో ద్వారబంధానికి ‘మెజూజా’ బిగిస్తారు. పవిత్ర వాక్యాలు రాసిన చర్మపత్రాన్ని ఉంచే చిన్న గొట్టం అది. తలుపు బయట ఏ వస్తువూ ఉండకూడదన్న నిబంధన చూపి, ఓ అపార్ట్‌మెంట్ సంఘం 2004లో దాన్ని పదేపదే తీయించేసింది. ఆ కుటుంబం కోర్టుకెక్కింది. వివక్ష జరిగిందేమో విచారణలో తేలాల్సిందేనని 2009లో అప్పీళ్ల కోర్టు వాళ్లకు దారిచ్చింది. ఈలోగా షికాగో నగరం 2005లో, ఆ తర్వాత ఇల్లినాయ్ రాష్ట్రం మతచిహ్నాల్ని అడ్డుకోకూడదని చట్టాలు చేశాయి.

టెక్సాస్ 2011లో అదే బాట పట్టింది. గుమ్మానికి మతచిహ్నం పెట్టుకోవచ్చంది. కానీ ఓ మెలిక... అన్నీ కలిపి 25 చదరపు అంగుళాలు మించితే సంఘం అభ్యంతరం చెప్పొచ్చు. అంటే అయిదంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు. మెజూజాకి సరిపోతుంది. మరి తోరణానికి? మామిడాకుల దండ ఆ కొలత దాటుతుందే! ఇండియన్ స్టోర్లో కొన్న బట్ట తోరణమైనా గుమ్మం మొత్తానికి కట్టాల్సిందే.

2021లో ఆ కొలత పోయింది. గుమ్మానికే పరిమితం కాకుండా, ఇంటి ఆవరణలో ఎక్కడైనా నమ్మకంతో పెట్టుకునే మతచిహ్నాల్ని సంఘాలు నిషేధించకూడదని టెక్సాస్ చట్టం సవరించింది. ప్రజల ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పుంటే, కాలనీ ఉమ్మడి స్థలంలో పెడితే, వదలాల్సిన ఖాళీజాగాలోకి చొచ్చుకొస్తే మాత్రం అడ్డుచెప్పొచ్చు. తులసికోట కట్టించాలనుకునేవారు ఈ హద్దులు చూసుకుంటే చాలావరకూ చిక్కుండదు.

డిష్ యాంటెన్నా కథా ఇలాంటిదే. ఇంటి అందం చెడుతుందని సంఘాలు వద్దనేవి. సొంత ఆవరణలో మీటరు వ్యాసం లోపు డిష్‌ల్ని నిషేధించకూడదని 1996లో కేంద్ర సమాచార కమిషన్ నియమం తెచ్చింది. తర్వాతి రోజుల్లో అమెరికాలో అమ్మమ్మలు తెలుగు సీరియల్ చూశారంటే అందులో ఆ నియమం చలవా ఉంది.

గోంగూరా... గడ్డా?

అసలు పేచీ గడ్డి దగ్గరే. అమెరికా ఇళ్లలో వాడే నీటిలో సుమారు మూడోవంతు తోటలకూ పచ్చికకూ పోతోంది. నీళ్లు పెట్టి పండించే మొక్కజొన్న విస్తీర్ణానికి పచ్చిక దాదాపు మూడురెట్లు ఉంటుందని 2005లో నాసా శాస్త్రవేత్తల అంచనా. తినడానికి పనికిరాదు, పశువులూ మేయవు. అయినా పచ్చగా లేకపోతే ఉత్తరం వస్తుంది.

కరవు ఆ లెక్క మార్చింది. నీటి ఎద్దడి ప్రకటించిన రోజుల్లో గడ్డికి నీళ్లు పెట్టలేదని జరిమానా వేయకూడదని కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది. తక్కువ నీటితో బతికే మొక్కలు వేసుకుంటామంటే టెక్సాస్ సంఘాలు కాదనకూడదని 2013 చట్టం చెప్పింది. కాకపోతే నమూనా ముందు చూపించాలి. మేరీలాండ్‌లో ఓ జంట వాకిట్లో గడ్డి తీసేసి తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వాలే స్థానిక మొక్కలు వేసింది. మళ్లీ పచ్చికే పెంచాలని సంఘం పట్టుబట్టింది. వాళ్లు పోరాడి రాజీకి తెచ్చారు. ఆ స్ఫూర్తితో 2021లో రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది.

మరి కూరగాయలు? ఫ్లోరిడాలోని మయామీ షోర్స్‌లో పదిహేడేళ్లుగా ఇంటిముందు కూరలు పండిస్తున్న దంపతులు 2013లో మొక్కలన్నీ పీకేయాల్సి వచ్చింది. లేదంటే రోజుకు 50 డాలర్ల జరిమానా! కోర్టుల్లో ఓడిపోయినా వాళ్లు ఊరుకోలేదు. 2019లో ఫ్లోరిడా చట్టమే మారింది. అయితే ఆ చట్టం కట్టడి చేసేది ఊరి పాలకవర్గాల్ని, కాలనీ సంఘాల్ని కాదు. అందుకే అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. ముందు వాకిట్లో పూలమొక్కలు, కంచె చాటున పెరట్లో గోంగూర, సొరపాదు!

ఉత్తరాన్ని పక్కన పడేస్తే...

ఉత్తరాలు విప్పకపోతే ఏమవుతుందో ఫ్రిస్కోలోనే తెలిసింది. ఓ సైనికాధికారి ఇరాక్‌లో ఉండగా దాదాపు 800 డాలర్ల సంఘం బకాయికి అతని ఇంటిని 2009లో వేలం వేశారు. సుమారు మూడు లక్షల డాలర్ల విలువైన ఇల్లు. అప్పు మొత్తం తీరిపోయింది. వేలంలో పలికింది 3,500 డాలర్లు! విధుల్లో ఉన్న సైనికులకు చట్టం రక్షణ ఇస్తుంది కాబట్టి 2010లో రాజీ కుదిరి ఇల్లు తిరిగి దక్కింది. దేశమంతా చర్చ జరిగింది. టెక్సాస్ 2011లో నిబంధనలు బిగించింది. కోర్టు ఉత్తర్వు లేనిదే సంఘం ఇల్లు వేలం వేయడానికి లేదు.

పదేళ్లకు మరో మార్పు. నలభై ప్లాట్లు దాటిన కాలనీల్లో బోర్డు సభ్యులూ, వాళ్ల జీవిత భాగస్వాములూ ఆర్కిటెక్చరల్ కమిటీలో ఉండకూడదని 2021 చట్టం చెప్పింది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. యజమాని 30 రోజుల్లో అడిగితే బోర్డు మరో 30 రోజుల్లో విచారణ జరపాలి. అంటే రంగు నచ్చలేదన్నవారే తీర్పరులు కాకుండా చూశారన్నమాట.

ఇక అసలు రూల్ మారాలంటే? టెక్సాస్‌లో మామూలుగా 67 శాతం ఓట్లు కావాలి. కష్టమే. కానీ అసాధ్యం కాదు. బోర్డును ఎన్నుకునేది ఇళ్లవాళ్లే. మీటింగులు వాళ్లకు తెరిచే ఉంటాయి. చిక్కల్లా ఆ కుర్చీలు సగం ఖాళీగా ఉండటమే. పిల్లల క్లాసులు, వారాంతపు విందుల మధ్య కాలనీ మీటింగు ఎవరికి గుర్తుంటుంది? వెళ్లినవాళ్ల అభిరుచే రూలవుతుంది. వెళ్లనివాళ్లకు ఉత్తరం వస్తుంది. తోరణం, తులసికోట సంగతి తెలిసినవారు ఒక్కరు కమిటీలో ఉన్నా ఎన్నో దరఖాస్తులు మాటతోనే తేలిపోతాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీల్లోనూ ఇప్పుడు విల్లాల రంగు, ప్రహరీ, బాల్కనీ గ్రిల్ మీద నిబంధనలు కనిపిస్తున్నాయి. అక్కడి చట్టాలు ఇక్కడ వర్తించవు. కానీ ప్రశ్న మాత్రం ఒక్కటే. పదిమందికీ పనికొచ్చే కట్టుబాటేది, ఒకరి అభిరుచిని అందరిమీదా రుద్దేదేది? ఆ తేడా తేల్చాల్సింది కమిటీ ఒక్కటే కాదు, ఆ వీధిలో కాపురముంటున్నవాళ్లంతా.

సంతకానికి ముందు...

* నిబంధనల పుస్తకం మొత్తం చదవండి. కంచె, చెట్లు, పార్కింగ్, ఇల్లు అద్దెకివ్వడం గురించిన పేజీలు రెండుసార్లు చూడండి.

* సంఘం రుసుము ఎంత, ఇప్పటిదాకా ఎంత పెరిగింది, మరమ్మతులకు నిధి ఉందా అనేవి అడగండి.

* పాత యజమాని అనుమతి లేకుండా కట్టినవేమైనా ఉన్నాయేమో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆ తలనొప్పి మీకు చుట్టుకోవచ్చు.

* కొత్త కాలనీ అయితే బిల్డర్ చేతిలో పగ్గాలు ఎన్నాళ్లుంటాయో కనుక్కోండి. టెక్సాస్‌లో నాలుగింట మూడొంతుల ప్లాట్లు అమ్ముడుపోయాక 120 రోజుల్లో బోర్డులో కనీసం మూడోవంతు మందిని ఇళ్లవాళ్లు ఎన్నుకోవాలి.

* ఏ అనుమతైనా కాగితం మీదే తీసుకోండి. పక్కింటాయన ‘ఫర్వాలేదు’ అన్న మాట కమిటీ ముందు చెల్లదు.

* ఉత్తరం వస్తే గడువులోగా జవాబివ్వండి. విచారణ కోరే హక్కు మీకుంది. ఊరుకుంటే ఆ హక్కు చేజారుతుంది.