మాటలు రాని పసివాని బాధ

“నోరుంటే ఎక్కడ నొప్పో చెప్పేవాడు గదా, ఆచార్యులుగారూ!” అని కన్నీరు పెట్టుకొన్నది ఆ తల్లి. తొలి కాన్పు, బిడ్డకు ఏడు నెలలు. కడుపునొప్పి అనుకొని భార్యాభర్తలు రాత్రి వాము నీరు పట్టారట. కాని వాని చేయి మాటిమాటికీ కుడి చెవి మీదికే పోతున్నది.

కాశ్యప సంహితలో ఇందుకోసమే వేదనాధ్యాయం ఉన్నది. చేతులతో చెవులు తాకడం, తల విదల్చడం, నిద్రాహారాలు లేకపోవడం కర్ణశూల లక్షణాలని అందులో చెప్పారు.

అమ్మమ్మగారు వెల్లుల్లి నూనె కాచి తెచ్చారు, వారించాను. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే ఆ నూనె హాని చేస్తుంది. జ్వరం 102 డిగ్రీలు. వెంటనే పిల్లల వైద్యుని వద్దకు పంపాను. చెవిలో చీము పట్టినదన్నారు. తల్లిపాలు మాత్రం మానవద్దన్నాను.

మూడు నెలలు నిండని శిశువుకైతే 100.4 డిగ్రీల జ్వరానికే ఆసుపత్రికి పోవాలి; గృహవైద్యంతో కాలయాపన చేయరాదు.