సొరంగం తవ్వితే పైనున్న ఇల్లు ఎంత కుంగుతుంది?

హైదరాబాద్ మెట్రో రైలు ఇప్పటిదాకా స్తంభాల మీదే తిరుగుతోంది కనుక, నేల కింద రైలు వెళ్తే పైనున్న ఇంటికి ఏమవుతుందన్న బెంగ మనకు పెద్దగా లేదు. కోల్‌కతా, చెన్నై, బెంగళూరు వాసులకు ఆ బెంగ ఉంది. పని మొదలుకాకముందే ఆ లెక్క కంప్యూటర్‌లో వేస్తారు. అదెలాగో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో పెద్దలకు, దాతలకు తేలిక మాటల్లో చెప్పబోతున్నాము.

సొరంగం తవ్వే యంత్రం, తన వెనుక బిగించే కాంక్రీటు వలయాల కంటే కాస్త పెద్ద కన్నం చేస్తుంది. ఆ సందును పలుచని సిమెంటు మిశ్రమంతో నింపుతారు. నింపేలోగా చుట్టూ ఉన్న మట్టి కొద్దిగా లోపలికి జరుగుతుంది. దాని ఫలితం పైన నేల మీద పల్లంగా తేలుతుంది. ఆ పల్లం బోర్లించిన గంటను తిరగేసినట్లు ఉంటుందని రాల్ఫ్ పెక్ అనే అమెరికన్ ఇంజనీరు 1969లో చూపించారు.

ఇది హైస్కూలు పిల్లలు కూడా అర్థం చేసుకోగల లెక్కే. 6 మీటర్ల వ్యాసం గల సొరంగం అడ్డుకోత వైశాల్యం సుమారు 28 చదరపు మీటర్లు. అందులో 1 శాతం మేర మట్టి అదనంగా పోయిందనుకుందాం. సొరంగం బంకమట్టిలో 20 మీటర్ల లోతున ఉంటే, పైన నడిమధ్య నేల దాదాపు 11 మిల్లీమీటర్లు కుంగుతుంది. 10 మీటర్ల లోతునే ఉంటే 22 మిల్లీమీటర్లు. రెట్టింపే కదా అని తీసిపారేయకూడదు. పల్లం వెడల్పు కూడా సగమవుతుంది కనుక దాని వాలు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇల్లంతా ఒకే తీరుగా దిగితే గోడకు పెద్ద హాని లేదు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ దిగితేనే బీటలు వారతాయి.

ఈ చేతిలెక్క ఖాళీ మైదానానికి చాలు. బస్తీలో పునాదులుంటాయి, పూడ్చిన బావులుంటాయి, ఇసుక మీద బంకమట్టి పొరలుంటాయి. అందుకని నేలను వల కన్నుల్లాంటి వేలాది ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క బరువు, గట్టిదనం, నీటి ఒత్తిడి కంప్యూటర్‌కు ఇస్తారు. సొరంగం వచ్చే చోటి ముక్కలను వరుసగా తీసేస్తూ, మిగిలినవి ఎటు ఎంత జరుగుతాయో లెక్కిస్తారు. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఫలితాలు రంగురంగుల బొమ్మలుగా వస్తాయి, చూస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. మా దృష్టిలో చిక్కు అక్కడే ఉంది. బోర్లు వేసి తెచ్చిన మట్టి ఏం చెప్పిందో కంప్యూటర్‌కు అంతే తెలుసు. రెండు బోర్ల నడుమ ఉన్నది ఊహ.

కోల్‌కతా ఈస్ట్-వెస్ట్ మెట్రో సొరంగాలు 2017లో హుగ్లీ నది అడుగుగా క్షేమంగా దాటాయి. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో, కంసాలుల దుకాణాలతో కిక్కిరిసిన పాత సందుల కింద, యంత్రం నీరున్న పొరను తాకింది. నీటితో పాటు సన్నని మట్టి సొరంగంలోకి కొట్టుకొచ్చింది. పైన పాత ఇళ్లు పగిలాయి, కొన్ని కూలాయి. వందలాది మంది కట్టుబట్టలతో హోటళ్లకు తరలవలసి వచ్చింది. 2022లో మళ్లీ రెండుసార్లు ఆ ప్రాంతంలో గోడలు బీటలు వారాయి. ఒక శాతం మట్టి పోతుందని వేసిన లెక్క, నీరు మట్టిని మోసుకుపోతూనే ఉంటే ఎందుకు పనికొస్తుంది? మన నాగర్‌కర్నూల్ జిల్లాలో 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో ఎనిమిది మంది చిక్కుబడిపోయిందీ నీరు, బురద ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడే. అది కొండరాతి సొరంగం, పైన ఇళ్లు లేవు.

అందుకే మంచి ఇంజనీర్లు లెక్క వేసి ఊరుకోరు. గోడలకు గుర్తులు అతికించి, అవి మిల్లీమీటరు జరిగినా తెలిసేలా కొలుస్తారు. కొలత లెక్కను దాటితే పని ఆపి, కొత్త కొలతలతో లెక్కను మళ్లీ వేస్తారు.

మీ వీధి కింద ఎప్పుడైనా సొరంగం వస్తే, ముందుగా ఇంటి ఫొటోలు తీయడానికి సిబ్బంది వస్తారు. వారిని లోపలికి రానివ్వండి. ఉన్న పగుళ్లన్నీ తేదీతో నమోదు చేయించి, ఒక ప్రతి అడిగి తీసుకోండి. తర్వాత కొత్త పగులు ఏది, పాతది ఏది అన్న వాదన వస్తే ఆ కాగితమే సాక్ష్యం.