జీను వేసిన గుఱ్ఱము ఎక్కుటకు ముందు

మన శ్రోతలలో సొంత గుఱ్ఱము గలవారు అరుదు. కాని వేసవిలో ఊటీకో కొడైకెనాలుకో పోయినపుడు, సరస్సు చెంత బాడుగ గుఱ్ఱము కనబడినచో పిల్లలు ఊరకుండరు. బేరము కుదిరిన వెంటనే ఎక్కింతుము. జీను వంక, రికాబుల వంక చూడము. ఎంతటి సాధుజంతువు మీదనుండియైనను పడుటకు వదులైన పట్టె ఒక్కటి చాలును.

జీను నిలుకడయంతయు దానిని పొట్ట క్రిందుగా బిగించు పట్టె మీదనే ఉన్నది. ఇచ్చట గుఱ్ఱము చిన్న టక్కు చేయును. బిగించువేళ ఒడలు బిర్రబిగించి, నాలుగడుగులు నడచినంతనే సడలించును, పట్టెయు వదులగును. కావున ఒక్కమారే గుంజి కట్టక, మెల్లగా బిగించి, కొంత నడిపించి, ఎక్కుటకు ముందు మరల చూడవలెను. ఎక్కిన పిదప ఇంకొకమారు. పట్టె క్రింద రెండు వ్రేళ్లు బిగువుగా దూరిన చాలును. జీను క్రింది దుప్పటిలో మడత ఉన్నచో వీపు పుండగును. పుండుపడిన గుఱ్ఱము సాధువుగా ఉండుట కల్ల.

ప్రాణాపాయము మాత్రము రికాబులోనే ఉన్నది. పడుటకంటె, పడునపుడు పాదము అందు చిక్కుకొనుట ఘోరము. బెదరిన గుఱ్ఱము మనిషిని ఈడ్చుకొని పోవును. రికాబు పాదరక్షకంటె సుమారు ఒక అంగుళము వెడల్పుగా ఉండవలెను. ఇరుకైనచో పాదము చిక్కును. మరీ పెద్దదైనచో పాదమంతయు దూరిపోవును. పెద్దల రికాబులో చెప్పులు తొడిగిన పిల్లవాని పాదమునకు పట్టు గతి ఈ రెండవదే. మడమ గల బూటు వేయుటలోని రహస్యమిది: మడమ అడ్డుపడి పాదమును లోనికి జారనీయదు. పాదపు ముందుభాగమును మాత్రమే రికాబుపై ఆనించి, మడమను క్రిందికి వంచవలెను. పడకుండుటకని బిడ్డను జీనుకు కట్టుట కలదు. ఇంతకంటె అపాయకరమైన జాగ్రత్త మాకు తోచదు. గుఱ్ఱము కూలినచో బిడ్డ తప్పించుకొనలేదు. గడ్డము క్రింద బిగించు శిరస్త్రాణము తొడుగుట మేలు.

కళ్లెపు ఇనుము ముందరి పండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లులేని చిగురుపై ఆనియుండును. పగ్గములు పట్టుకొని వ్రేలాడినచో ఆ లేత చోటు గాయపడును. పట్టు కావలసినచో జూలు ఉన్నది, జీను ముందంచు ఉన్నది. పగ్గములను చేతికి చుట్టుకొనరాదు. వానితో గుఱ్ఱమును చెట్టుకు కట్టరాదు.

తుదకు, రికాబును వ్రేలాడదీయు తోలుపట్టె కుట్లను చూడుడు. పగుళ్లు కనబడినచో గుఱ్ఱపువానిని అడుగుడు. అతడు విసుగుకొనినచో వేరొక గుఱ్ఱమును చూచుకొనుడు.