లాగితే ఆగాలి... వదులైతే సాగాలి!

'కుక్కను మీరు తిప్పుతున్నారా... అదే మిమ్మల్ని తిప్పుతోందా?'
గొలుసు పట్టుకుని వీధిలోకొచ్చిన వాళ్లకు అరుగు మీది నుంచి ఈ మాట తప్పదు. సరదాకి అన్నా అందులో ఆలోచించాల్సిన సంగతి ఉంది.

తెనాలి - రేపల్లె రైలు దారిలో ఉండే భట్టిప్రోలు లాంటి ఊళ్లలో ఒకప్పుడు కుక్కకు గొలుసుతో పెద్దగా పని ఉండేది కాదు. ఇంత పెరుగన్నం తిని గడ్డివాము నీడన పడుకునేది. పొలానికెళ్లే యజమాని వెనకాలే నడిచేది. ఇప్పుడు పల్లెల్లోనూ ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు కనిపిస్తున్నాయి. బయటేమో బైకులు, ఆటోలు, కోతల కాలంలో ట్రాక్టర్లు. సందు మలుపులో ఊరకుక్కల గుంపు. గొలుసు లేకుండా గేటు దాటించలేం.

మూడు నెలల పిల్ల లాగుతుంటే ముద్దొస్తుంది. ఏడాది తిరిగేసరికి అదే పిల్ల పాతిక, ముప్ఫై కిలోలవుతుంది. అప్పుడు లాగితే... మనవడి మోచెయ్యి దోక్కుపోవచ్చు, తాతయ్య తుంటి ఎముకే విరగొచ్చు! అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2023లో ఓ లెక్క బయటపెట్టారు. 2001 నుంచి 2020 వరకు కుక్కను నడిపిస్తూ గాయపడి ఆ దేశంలో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పెద్దవాళ్లు సుమారు 4.22 లక్షల మంది. వేళ్లు విరగడం, తలకు దెబ్బ తగలడం, భుజం బెణకడం... ఇవే ఎక్కువ.

నష్టం మనకే కాదు. రోడ్డు మీద నాలుగుసార్లు అవస్థ పడ్డాక ఇంట్లోవాళ్లు షికారు మానేస్తారు. కుక్కను గేటు పక్కన కట్టేస్తారు. రోజంతా కట్టుమీదే ఉంటే దానికి వచ్చేపోయే ప్రతివాళ్లూ శత్రువుల్లాగే కనిపిస్తారు. చివరికి 'మా కుక్క మాట వినదు, మీద పడుతుంది' అని పేరు పెడతాం. చాలా ఇళ్లలో ఆ కథ మొదలయ్యేది లాగుడుతోనే.

నేర్పింది మనమే!

కుక్క పొగరుతో లాగదు. దాని సహజమైన నడక మన నడకకన్నా వేగం. పైగా దానికి లోకమంతా వాసనల్లోనే ఉంటుంది. అల్లంత దూరాన కరెంటు స్తంభం దగ్గర ఏదో వాసన... లాగుతుంది. మనం 'ఏయ్ ఆగు' అంటూనే వెంట పరిగెడతాం. స్తంభం దొరికింది. అంటే 'లాగితే దారి వస్తుంది' అని మనమే పాఠం చెప్పామన్నమాట!

ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1898లోనే ఈ సూత్రాన్ని పిల్లులతో గమనించాడు. పెట్టెలో ఉంచిన పిల్లి ఏ పనిచేస్తే తలుపు తెరుచుకుని తిండి అందుతుందో, తర్వాత ఆ పనే త్వరత్వరగా చేసేది. ఫలితం దొరికిన పని నిలిచిపోతుంది. కుక్కపిల్ల లాగుడూ అంతే.

మరి మనమూ వెనక్కి లాగితే? అది ఇంకా ముందుకు తన్నుకుంటుంది. కోడెదూడను తొలిసారి కాడికి అలవాటు చేసే రైతుకు ఇది కొత్త కాదు. బలానికి బలం పోటీ పెడితే పగ్గం తెగుతుందే కానీ పని జరగదు.

పెరట్లోనే బడి

మొదటి పాఠానికి వీధి పనికిరాదు. ఇంట్లోనో పెరట్లోనో మొదలుపెట్టాలి. అదీ అన్నం పెట్టకముందు, కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు. ఉడికించిన చికెన్‌నో గుడ్డునో శనగగింజంత ముక్కలుగా చేసి జేబులో ఉంచుకోండి.

* రెండు మూడు రోజులు బెల్టు, తాడు ఊరికే అలవాటు చేయండి.
* ఏ పక్కన నడవాలో ఆ పక్కనే, మీ మోకాలి దగ్గరే ముక్క అందించండి. రెండడుగులకోటి, తర్వాత నాలుగడుగులకోటి, పదడుగులకోటి.
* తాడు బిగిసిందా... స్తంభంలా నిలబడిపోండి. అరవొద్దు, గుంజొద్దు. అది వెనక్కి తిరిగి చూసినా, ఒక అడుగు వెనక్కి వేసినా తాడు వదులవుతుంది. ఆ క్షణమే 'శభాష్' అని ముందుకు కదలండి.
* ఆగినా లాభం లేకపోతే మీరే వెనుదిరిగి నడవండి. మీ పక్కకు రాగానే ముక్క.
* చక్కగా నడిస్తే 'పో, వాసన చూసుకో' అని స్తంభం దగ్గరికి వదలండి. దానికి అంతకన్నా బహుమానం లేదు.

పది నిమిషాలు చాలు. రోజుకు రెండుసార్లు. మొదటివారం వీధి చివరికి కూడా చేరలేకపోవచ్చు, ఫర్వాలేదు. ఆ వారం నేర్పుతున్నది నడక, దూరం కాదు.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. నాన్న ఆగుతాడు, చిన్నోడు పరిగెత్తనిస్తాడు అంటే కుదరదు. పదిసార్లలో ఒక్కసారి ఫలించినా కుక్క మిగతా తొమ్మిదిసార్లూ ఆశగా లాగుతూనే ఉంటుంది... లాటరీ టికెట్ కొన్నట్టు! హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణనిచ్చే అకాడమీలో జాగిలంతోపాటు దాన్ని నడిపే పోలీసుకూ తర్ఫీదు ఇస్తారు. తాడుకు రెండు చివరలుంటాయి మరి!

మెడ జాగ్రత్త

లాగినకొద్దీ బిగుసుకునే గొలుసులు, ముళ్ల పట్టీలు వద్దు. అవి గొంతుకు హాని. బెల్టుతో మెడ మీద ఒత్తిడి పడినప్పుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందని, ఛాతీకి తొడిగే హార్నెస్‌తో అలా జరగదని 2006లో ఒక అధ్యయనం చూపింది. బాగా లాగే కుక్కకు రొమ్ము ముందువైపు కొక్కెం ఉన్న హార్నెస్ మేలు. లాగగానే అది మనవైపే తిరుగుతుంది. ఆరడుగుల తాడు చాలు. తాడును వేళ్లకు చుట్టుకోవద్దు. వేళ్లు విరిగేది అప్పుడే.

టీకాలు పూర్తికాకుండా పిల్లను వీధిలో దించకండి. మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఎండాకాలంలో తెల్లవారుజామునే మంచిది. తారురోడ్డుకు చేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని కాళ్లకూ పనికిరాదు.

ఊరకుక్కలు కనిపిస్తే దగ్గరికొచ్చేదాకా ఆగకండి. దూరం నుంచే తాడు బిగించకుండా పక్కకు మళ్లి, కాలవగట్టు వైపో మరో సందులోకో దారి మార్చుకోండి. బిగిసిన తాడు కుక్కలో భయాన్నీ కోపాన్నీ పెంచుతుంది.

'మాది పెద్దదైపోయిందండీ, ఇంకేం నేర్చుకుంటుంది?' అనుకునే వాళ్లూ ఉంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కుక్కల విషయంలో పూర్తిగా నిజం కాదు. పాత అలవాటు మానడానికి నాలుగు వారాలు ఎక్కువ పడుతుందంతే. కావలసింది కండబలం కాదు... తాడు బిగిసిన ప్రతిసారీ ఆగే ఓపిక. ఆ ఓపిక ఉంటే పన్నెండేళ్ల పాపైనా, డెబ్భై ఏళ్ల తాతయ్యైనా సాయంత్రం పూట దాన్ని నిశ్చింతగా తిప్పుకురావచ్చు.